బోర్డు వెనకవైపు

ప్రతి జూన్‌లోనూ ఒక్క పేరే రాయమంటారు నన్ను.
టెన్త్‌లో ఫస్టొచ్చిన పిల్ల, ఏడాది, మార్కులు.
నల్ల బోర్డు, తెల్ల ఎనామిల్, మూడో నంబరు బ్రష్షు.
డ్రాయింగ్ టీచరన్నాక
బళ్ళో అక్షరాలన్నీ ఆవిడ మెడకే.

జాలారిపేట నుంచి రెండు సందులు దాటితే మా గర్ల్స్ హైస్కూలు.
ఉప్పుగాలికి గోడ సున్నం నిలవదు.
ప్రేయర్లో ‘విశ్రమ్’ అనేలోపే
ఎండుచేపల వాసనొచ్చి
ముందు వరసలో నిలబడుతుంది.

ఈ ఏటి పేరు పొట్నూరు హిమజ. ఐదొందల డెబ్బై ఆరు.
రాశాను. ‘హి’ మీద గుడి కాస్త పెద్దదైంది.
డబ్బా అడుగున రంగు మిగిలింది.
రేపటికి గడ్డ కట్టేస్తుంది.
స్తంభానికి ఆనించిన బోర్డు వెనక్కి వెళ్ళి కూర్చున్నాను.

ముడి చెక్క. హుద్‌హుద్ తాగించిన నీళ్ళ మరక
ఏ దేశానిదో తెలియని మ్యాపులా.

మొదట రాసిన పేరు తెడ్డు పరదేశమ్మ.
ఎనిమిదో క్లాసు, లెక్కల్లో పదకొండు.
ల్యాబులో బ్యారోమీటర్ చూసి పకపకా నవ్విన గుంట.
“ఈ గాజుగొట్టం సెప్పేదేటి మిస్,
మా అయ్య మోకాలు నిన్ననే సెప్పీసింది.”
సైన్సు మాస్టారు కోప్పడలేదు, నోటుబుక్కిచ్చారు:
ఎడం పేజీలో గొట్టం మాట, కుడి పేజీలో మోకాలి మాట,
నెల్లాళ్ళు రాయమని.
మోకాలు రెండుసార్లే తప్పింది.
గొట్టం ఎన్నిసార్లో
మాస్టారు ఇప్పటికీ చెప్పరు.

షేక్ మహబూబీ, మల్కాపురం నుంచి రెండు బస్సులు మారి వచ్చేది.
కుట్లు నేర్చుకోమంటే కుట్టుమిషనే విప్పేసింది.
“దారమెందుకు తెగుతోందో చూస్తన్నాను”
అంది, ముక్కు మీద నూనె మరకతో.
మళ్ళీ బిగించాక ఒక మర మిగిలింది.
ఆ మిషన్ మాత్రం ఆ తర్వాత దారం తెంపలేదు.
మర నా సొరుగులో ఉంది,
రబ్బర్ల మధ్య.

ఇంకొక పిల్ల. పేరు గుర్తు రావడం లేదు.
చెదలు తిన్న లైబ్రరీ పుస్తకాలకి
సిమెంటు బస్తా కాగితంతో అట్టలు వేసేది.
పేజీలు పోయినచోట
కథ తనే రాసి మైదాతో అంటించేది.
ఏది అచ్చయిన కథో ఏది ఆ పిల్లదో
తెలియకుండా చదివేశాం ఎన్నేళ్ళో.
ఒకసారి ఇన్‌స్పెక్టరు గారు కూడా
ఆ పేజీ దగ్గరే కళ్ళు తుడుచుకున్నారు.
ఆ పిల్లకి జానెడు చోటు ఖాళీ వదిలాను.

బ్రష్షు ముంచబోతుంటే నీడ పడింది.
హిమజ. పేరు చూసుకోడానికి వచ్చింది,
కొత్త చెప్పులు చేత్తో పట్టుకుని,
తడి రంగు మీద దుమ్ము పడుతుందేమోనని.
ముందు నుంచి చూసింది, చుట్టూ తిరిగి ఇటొచ్చింది,
ఒక్కొక్క పేరూ పెదాలతో చదివింది.
“నా పేరు ఇటు లేదా మిస్?”

నువ్వేం చేశావో చెప్పమ్మా, అన్నాను.
ఫస్టొచ్చిన పిల్ల. ఏ ప్రశ్నకైనా
అడిగేలోపే చెయ్యెత్తే పిల్ల.
చాలాసేపు నేల చూసింది.
బయట ఎవరో ట్యాప్ కట్టెయ్యడం మర్చిపోయారు.

“ప్రీఫైనల్ ముందు రోజు చదవలేదు మిస్.
నూకరత్నంతో తెప్ప మీద వెళ్ళాను.
కాసేపు తెడ్డు నాకిచ్చింది.
ముందుకెళ్ళలేదు. తిరిగిందంతే, అక్కడక్కడే.
లైట్‌హౌస్ ఒకసారి ఎదురొచ్చింది, ఒకసారి వీపు వెనక.
ఇంట్లో చెప్పలేదు.”
ఆగి, “ఎంత నవ్వొచ్చిందో” అంది.

పేరు వద్దంది. ఒక సున్నా చుట్టమంది.
బ్రష్షు తనకే ఇచ్చాను.
చెయ్యి వణికి వంకరగా వచ్చింది,
చివర కలవలేదు.
అలాగే ఉంచమంది.

మర్నాడు అటెండరు సూరీడమ్మ, నేనూ
బోర్డెత్తి మేకుకి తగిలించాం.
తగిలించీ తగిలించకముందే
బల్లి ఒకటి వెనక్కి దూరింది.

హెడ్‌మిస్ట్రెస్ గారు ముక్కు ఎగబీల్చి
“గోడ వైపు కూడా రంగు వాసనేంటి టీచర్?” అన్నారు.

చెదలు పట్టకుండా, అన్నాను.