నీడ తిరిగిన దిక్కు

రాయి పడ్డ పొద్దున్నే
ఆఫీసు నుంచి ఫోనొచ్చింది, కావలుండమని.
దేనికని అడగలే.
చెరువు గండి కాడ ఉన్న, ఓట్ల డబ్బాల కాడ ఉన్న,
పురుగుల మందు తాగినోని పక్కన
పోలీసులొచ్చేదాక ఈగలు తోలిన.
మొగులు మీంచి పడ్డదానికి
కావలి కూసునుడు ఇదే మొదలు.

జంగయ్య పత్తిచెల్కల మోకాలిలోతు బొంద.
అండ్ల
పెంక మీద మరిచిపోయిన జొన్నరొట్టె లెక్క
మాడిన రాయి.
ముట్టి చూసిన. సల్లగున్నది.
ఈ సంగతి పంచనామాల ఎవ్వరు రాసుకోలే.

తొమ్మిది కొట్టేసరికి మాల్ సంత మొత్తం ఇటే మళ్లింది.
క్రషర్ కాడ పేల్చిన రాయన్నడొకడు.
దుష్మన్‌దేశం బాంబన్నడింకొకడు.
బంగారమైతే సర్కారుకు సగమేనా అని
కంసాలి వీరాచారి నా చెవుల అడిగిండు.
నేను లేచి నీళ్లు తాగొచ్చేలోపల
ఎవరో పసుపు సల్లి పోయిండ్రు.
సోడాబండి వచ్చింది. దాని యెంక మిర్చిబండి.
టీవీ పిలగాడు మైకు పట్టుకొని
"ఇంకోటి గూడ వస్తదంటున్నరు, భయమైతలేదా?" అంటే
చెల్కంత ఒక్కపారే తలెత్తింది.
జంగయ్య ఒక్కడే తల వంచి
ఇరిగిన చెట్లు లెక్కబెడుతున్నడు.
నూట పద్నాలుగు, నూట పదిహేను...
"రాయి ఏడు చెట్లే తీసింది పటేలా,
మిగిలినయన్ని సూడొచ్చినోళ్లయే."

పగటీలి పట్నం నుంచి తబస్సుమ్ మేడమొచ్చింది.
సన్నటి పిల్ల, చేతులకు తొడుగులు, మెడల దిక్సూచి.
"ఏ దిక్కు నుంచొచ్చింది?"
దేవరకొండ దిక్కు. కాదు, చౌటుప్పల్ దిక్కు.
నా రేకుల మీంచే పోయింది, అమ్మతోడు.
ఎవని సుక్క వాని ఇంటి మీంచే పోయింది.
రాసుకున్నది రాసుకున్నట్టే కొట్టేసుకుంది పిల్ల.

అప్పుడొచ్చింది ఈదమ్మ, కట్టె పొడుచుకుంట.
ముప్పై ఏండ్ల బోరునీళ్లు ఆమె ఎన్నుల గడ్డకట్టినయి.
మెడ లేవదు. మొగులు సూడక
ఎన్ని కార్తెలు పోయినయో లెక్క లేదు.
"నువ్వేం చూస్తివే!" అని నవ్విండ్రు.

"నా నీడ చూసిన బిడ్డా.
మబ్బుల లేచి వాకిట్ల నిలబడ్డ.
నిలబడ్డ కాడ్నే నేల తెల్లగైంది, ఇసుకపలుకు గూడ కనబడ్డది.
నా నీడ గోలెం కాడ పుట్టింది,
గిర్రున తిరిగింది, తిరుగుకుంట సాగింది,
కోళ్లగూడెక్కి ఆరిపోయింది.
మీదేముందో నేనెరుగ."

మేడం కలం ఆగిపోయింది.
ఈదమ్మ వాకిట్ల గూటాలు దిగినయి. సుతిలి కట్టిండ్రు.
నీడకు ఎదురుంగ సుక్క, గంతే లెక్కన్నది పిల్ల.
ముసలామెను గా జాగలనే నిలబెట్టి
వంగిన ఎత్తును టేపుతోని కొలిచింది.
ఆమెను ఇంతకుముందు గూడ కొలిచి పోయిండ్రు,
కమిటీలొచ్చి, క్యాంపులొచ్చి.
ఒక్క కొలతన్న పనికొచ్చుడు నేను సూసింది ఇదే.

రాత్రి బొంద కాడ చాయ తాగుకుంట పిల్ల చెప్పింది:
పెద్దరాళ్లకు నంబర్లున్నయట, పేర్లున్నయట.
రాత్రంత అద్దాలు తిప్పి వాటిని కాపు కాస్తరట,
ఏ ఏడు ఏ దినం దగ్గర్నుంచి పోతదో
మనుమల కాలందాక రాసిపెట్టిండ్రట.
ఇసొంటి చిన్నయి మాత్రం
చెప్పకుండనే వస్తయంట.

నేను ఊ కొట్టిన.
మా కాళ్ల కింది రాయి కరిగి కరిగి
చేదబొక్కెనలకు ఎక్కిన తారీకు
ఏ అద్దంల ఉన్నదో అడుగుదామనుకున్న.
పిల్ల మొకం చూసి అడగలే.
ఆమె అడిగిన దిక్కు వేరు గదా.

తెల్లారి రాయిని డబ్బాల పెట్టి సీలేసిండ్రు.
నాతోని సంతకం తీసుకున్నరు, మూడు కిలోల రెండొందలకు.
జీపు కదిలేటాలకు ఈదమ్మ అడ్డమొచ్చింది.
"మళ్ల వచ్చేదుంటే ముందుగాల ఫోన్ కొట్టు బిడ్డా,
వాకిలి అలికిపెడత.
గుంటల వాకిట్ల నీడ సరిగ పడదు."

జీపు పోయింది. మిర్చిబండి పోయింది.
నన్ను లేచి పొమ్మని
ఆఫీసు నుంచి ఇంకా ఫోన్ రాలే.
ఖాలీ బొందకు కావలున్న.
ఆవలి గెట్టు మీద జంగయ్య
మళ్ల ఒకటి నుంచి లెక్కబెడుతున్నడు.