ఒక వరుస పైన

నిడమనూరు దాటినంక రోడ్డు పక్కన వడ్ల కొనుగోలు కేంద్రం.
రేకుల కింద నేను, ల్యాప్‌టాప్, తేమ చూసే మిషన్.
బయట రెండు వందల పద్నాలుగు కుప్పలు,
లోపల రెండు వందల పద్నాలుగు వరుసలు.

పేరు, ఊరు, బస్తాలు, తేమ.
పదిహేడు దాటితే ఎర్రబడాలె, అంతే నా కోరిక.
మొదట తేమ గడి ఒక్కటే ఎర్రబడ్డది, కలకొచ్చిన కన్ను లెక్క.
ఆ కన్ను ఎవలిదో తెల్వాలంటే
తెర మీద వేలు పెట్టి పేరు దాకా జరుపుకుంట పోవాలె.
మనిషి మొత్తం ఎర్రగ కనబడాలె అనుకున్న.

రాత్రి కూసొని నేర్చుకున్న:
అక్షరం ముందర డాలర్ గుర్తు పెడితే
తేమ పట్టీ గుంజకు కట్టేసిన బర్రె, పక్కకు జరగదు.
అంకె ముందర పెట్టకుంటే
నియమం సాలు సాలుకూ దిగుతది
నాట్లేసే ఆడోళ్లు వెనకడుగు వేసినట్టు.

తెల్లారి తెర నిండా ఎర్ర చారలు. మురిసిపోయిన.
ఎరుపైతే పరదా మీదికి, తెలుపైతే కాంటా మీదికి.
హమాలీలు పేరడగుడు మానేసిండ్రు,
రంగడుగుతుండ్రు.

మూడోనాడు మధ్యాహ్నం రమావత్ హర్యా వచ్చి
పిడికెడు వడ్లు నా టేబుల్ మీద పోసిండు.
ఒక గింజ పండ్ల నడుమ పెట్టి కొరికిండు. టక్కుమన్నది.
"ఇన్నవా బిడ్డా? పచ్చి గింజ గిట్ల మాట్లాడదు."

మిషన్ పెట్టి చూసిన: పదిహేనున్నర.
తెర మీద చూసిన: పదిహేనున్నరే.
ఎర్రగ.

రెండో వరుస నుంచి రంగు పరిచి
సూత్రంల మూడు అని కొట్టిన.
ఒక్క అంకె.
ఊరందరి ఎరుపు ఒక మెట్టు పైకెక్కింది,
కిందోని తడి పైనోని మీద పడ్డది.
హర్యా కింద బొల్లెద్దు ఎల్లమంద, పంతొమ్మిది.
తెల్లగ ఉన్నడు,
మొన్ననే లారీ ఎక్కి మిర్యాలగూడ మిల్లుకు పోయిండు.

మూడును రెండు చేసిన.
చారలన్నీ ఒక్కసారే కిందికి దిగినయి
ఏమీ ఎరగనట్టు.

రెండు పొద్దులు ఎండల వడ్లు తిప్పిన కాళ్లకు
ఏం చెప్తం? డాలర్ ముచ్చటా?
"తప్పు నాదే తాతా" అన్న.

ఆయన పొట్టు ఊసి,
"మరి నా లెక్క ఇంకెందరు తిప్పుతుండ్రు?" అన్నడు.

లెక్కబెట్టిన. తొమ్మిది మంది.
పేర్లు కాయితం మీద రాసుకొని
కుప్పల నడుమకు నడిచిన.
వెనక టేబుల్ మీద ఫోన్ మోగుతనే ఉన్నది,
మిల్లు నుంచి.