గంటల మీటరు

నాలుగో నంబరు మిషను
సోమవారం పొద్దున్నుంచీ మూలుగుతోంది.
కంపెనీకి ఫోన్ చేస్తే
ఆ మోడల్ తయారీయే ఆపేశామమ్మా, అన్నారు.
ముప్పైఒక్క వేల గంటలు తిరిగింది,
ఇంకేం కావాలి దానికి, అన్నారు.
కండెమ్ కాగితం మీద
సూపరింటెండెంటు సంతకమొక్కటే బాకీ.

హన్మకొండలో మా వార్డుకు ఎనిమిది మంచాలు, ఎనిమిది మిషన్లు.
ఒకటి పోతే రోజుకు ముగ్గురిని ఆగమనాలి.
ఆగమంటే
మా దిక్కు ఆగమే.

రెండు సూదులూ చేతిలో ఉండగానే
మొగిలి మెల్లగా తల తిప్పి విన్నాడు.
"రక్తం పంపు కాదు మేడం.
ఎనుక ఫ్యాను. బేరింగు పోయింది.
అరవై రూపాల ముచ్చట."

పరకాలలో ముప్పై ఏండ్లు బోరుమోటార్లు చుట్టిన చేతులు.
కాలిన వార్నిషు వాసన చూసి
ఎన్ని రోజులు తక్కువ ఓల్టేజీ మీద గుంజిందో చెప్పేవాడట.
ఆయనా ఈ మిషనూ ఒక్క ఏడే వచ్చారు వార్డుకు.
ఫిస్టులా వేసిన మణికట్టును
మొదటిసారి చెవికి ఆనించుకుని
"ఇదేంది, నా చేతిల మోటరు నడుస్తంది!"
అని మంచం మంచం తిరిగి అందరికీ వినిపించాడు.

"కాలిన మోటరును మళ్ల చుట్టొచ్చు మేడం.
కానీ పాత తీగ ఊడాలంటే మంట పెట్టాలె.
పెట్టినప్పుడల్లా కోరు కొంచెం చస్తది.
రెండోసారికి జెర వేడెక్కుతది,
మూడోసారికి కరెంటు ఎక్కువ తాగుతది.
రైతుకు ఇవన్ని చెప్పకపోతుంటి.
ఈ యాసంగి ఎల్లుతదా? అని అడుగుతడు.
ఎల్లుతది అంటుంటి.
పదేండ్లు ఎవడూ అడగలే."

నేను ఆయన చార్టు మూసేశాను.
అందులో అంకెలు కూడా
కొంచెం కొంచెంగా వేడెక్కుతున్నాయి.

గురువారం చొక్కా జేబులో బేరింగుతో వచ్చాడు.
ప్లగ్గు పీకి,
రక్తం పోయే దారి ముట్టనని నాకు ఒట్టేసి,
వెనుక రేకు విప్పాడు.
ఎలక్ట్రీషియన్ సాంబరాజు టార్చి పట్టాడు.
లోపల ఆరేండ్ల దుమ్ము, దూదిలా.
రెండు రోజుల నీరు ఒంట్లో మోస్తూ,
వాచిన కాళ్లు చాపుకుని,
ఊపిరి ఆగి ఆగి తీసుకుంటూ,
ఇరవై నిమిషాల పని గంటన్నర చేశాడు.
లాగ్ బుక్కులో నేనేమీ రాయలేదు.
ఏ గడిలో రాయను?
రిపేరు చేసినవారు: పేషెంటు?

పరీక్షలో పచ్చలైట్లన్నీ వెలిగాయి.
మూలుగు లేదు.
దాని మీదే, ఆ పూటే, పడుకున్నాడు.

"మరి నా మీటరు ఎంత తిరిగింది మేడం?"
వారానికి రెండుసార్లు, నాలుగేసి గంటలు, ఆరేండ్లు.
వేళ్ల మీద లెక్కేసి చెప్పాను.
రెండు వేల ఐదు వందలకు నాలుగు తక్కువ.
"గంతేనా! మిగిలినయన్ని నాయే గద."

మిగిలినవి అంటే
దాహమైతే నాలుక మీద ఒక్క ఐసు ముక్క పెట్టుకుని
కరిగేదాకా మాట్లాడని మధ్యాహ్నాలు.
అరటిపండ్ల బండి దగ్గర అటు తిప్పుకున్న ముఖం.
దుకాణంలో కుర్రాడు తప్పు చుట్టిన కాయిలు విప్పించి
తిట్టీ తిట్టీ, అలసిపోయి,
ఆ తీగల ఉండ మీదే తల వాల్చిన నిద్ర.
మా మీటరుకు అందనివన్నీ.

కాగితం మీద సంతకం పడింది చివరికి,
పద్నాలుగు నెలలు ఆలస్యంగా.
పనికొచ్చే ముక్కలు తీసుకుందామని రేకు విప్పితే
లోపలివైపు తెల్లరంగుతో ఒక తేదీ,
పక్కన 'మొ' అని ఒక్క అక్షరం.
కింద, వంకరగా:
గ్యారంటీ ఒక యాసంగి.
రెండు ఎల్లించింది.

ఆ ఫ్యాను ఇప్పుడు రెండో నంబరులో తిరుగుతోంది.
మొగిలిది ఆరో నంబరు మంచం, కొత్త మిషను.
సూదులు పెట్టగానే ఇప్పటికీ
తల వంచి, కళ్లు మూసి, చాలాసేపు వింటాడు.
"ఇది బాగనే ఉన్నది," అంటాడు,
కొంచెం నిరాశగా.