కింది వరస

మొదటిది వచ్చినప్పుడు
పర్లాకిమిడి పాత బస్టాండు దగ్గర నిచ్చెన మీదున్నాను.
మహేంద్రతనయ వైపు నుంచి గాలి, చేతిలో నీలం రంగు,
బట్టల కొట్టు బోర్డు మీద పైన ఒడియా, కింద తెలుగు.
కుంచె జారింది. వంగి చూస్తే
చెయ్యి నాది కాదు.

బరంపురం పెద్దాసుపత్రిలో పదకొండు రోజులు
నీళ్ళు అడగబోతే పాణి అని వచ్చేది.
అమ్మ నేర్పిన మాట మునిగి
వీధిలో ఏరుకున్న మాట తేలింది.
నీలవేణి మొహం తిప్పుకుని నవ్వింది.
ఏడ్చిందేమో కూడా,
అటువైపు నాకు సరిగా కనపడేది కాదు.

ఇంటికి పంపేనాడు డాక్టరమ్మ సాబత్
చీటీ వెనక గీత గీసి, మధ్యలో చుక్క పెట్టింది.
"ఇది గడ్డ. మళ్ళీ రావచ్చు, దాలయ్యా.
రెండోది దారి అడగదు, దానికి ఇల్లు తెలుసు."
బీపీ అంది, షుగరంది,
నాలుగు కొట్టుకుని ఒకటి తప్పే గుండె అంది.
"బాగున్నానని మాత్ర మానకు.
బాగున్నది మాత్ర వల్లే."

నాలుగు నెలలు బుద్ధిగా మింగాను.
అయిదో నెలలో సైకిలెక్కాను.
రథయాత్ర ముందు చేతినిండా పని,
రక్తం పల్చన చేసే మాత్రేమో ఖరీదు.
రోజు విడిచి రోజు వేసుకున్నాను,
టర్పెంటైను కలిపిన రంగులా
సగమైనా గోడంతా వస్తుందనుకున్నాను.

గుడాకు మానేశానని చెప్పాను.
డబ్బా, ఎర్ర రంగు డబ్బా వెనక ఉంది.
తెల్లారి చిగుళ్ళకి రాస్తే గాని కుంచె నిలవదు.
ఎండుచేపలు మాత్రం మాననని బాహాటంగానే అన్నాను,
ఒక్క నిజమైనా చెప్పాలి కదా.

రాత్రి నా గురక ఆగినప్పుడల్లా
నీలవేణి లేచి కూర్చుంటుందట.
గురకకి తిట్టేది,
ఆగితే భయపడేదని నాకేం తెలుసు?

నిన్న
కాశీనగర్ రోడ్డులో మందుల కొట్టు షట్టరు.
'మందులు' అని రాసి, దిగి చూస్తే
మ మీదా లేదు, ద మీదా లేదు తలకట్టు.
వేళ్ళు పావుగంట మొద్దుబారాయి.
కొట్టువాడు టీ తెప్పించాడు. తగ్గింది.
తగ్గింది కనక ఏమీ కాలేదనుకున్నాను.
తలకట్లు పెట్టి కూలి తీసుకున్నాను.
మందుల కొట్టు కూలితో
మందులు కొనలేదు.

ఇవాళ నీలవేణి గంజి వారుస్తుంటే
చెబుదామని వెళ్ళాను.
తెలుగు గొంతుదాకా వచ్చి నిలబడిపోయింది.
"హాత ఝిమ్ ఝిమ్ కరుచి" అన్నాను.
గిన్నె దించింది.
"మళ్ళీ ఒడియాలో వచ్చిందేటి?"

ఎప్పట్నుంచని అడగలేదు.
తిన్నగా రంగుల అర దగ్గరికెళ్ళి
ఎర్ర డబ్బా వెనక చెయ్యి పెట్టి
గుడాకు తీసి కొంగున ముడేసింది, డాక్టరమ్మకి చూపించడానికి.
చీటీ తీసింది. మాత్రల అట్ట తీసింది.
నేను మింగని వాటన్నిటి చుట్టూ
ఎప్పుడు చుట్టిందో, పెన్నుతో సున్నాలు.

ఆటోలో పక్కన కాదు, ఎదురుగా కూర్చుంది.
"ఓపాలి నవ్వు" అంటోంది ప్రతి మలుపులోనూ.
నవ్వుతున్నాను.
మూతి ఎడమకీ కుడికీ సమానంగా ఉందో లేదో
బోర్డు గీత చూసినట్టు ఒక కన్ను మూసి చూస్తోంది.

దారంతా నేను రాసిన బోర్డులే.
పై వరసలు గడగడా చదివేస్తున్నాను.
నీలవేణి నా గడ్డం పట్టుకుని
కిందికి తిప్పుతోంది.
"అది కాదు.
కింది వరస సదువు."