కుడికాలి వరుస

కొత్తవాడల మా మగ్గం గుంట
పొద్దుగాల్ల సల్లగుంటది.
అండ్ల కాళ్లు దింపి కూసుంటే
ఎడమకొక పలక, కుడికొక పలక.
ముప్పై ఏండ్ల సంది ఇదే నా నడక,
ఎక్కడికీ పోని నడక.

పోయిన చలికాలం కుడిపలక మీద
ఏదో గులకరాయి ఉన్నట్టనిపిచ్చింది.
దులిపిన. చెక్క మీద ఏం లేదు.
రాయి నా కాల్లనే ఉంది.

అందరు ఆనె అన్నరు.
"మగ్గమోల్లకు ఆనెలు రాక ఏనుగులొస్తయా"
అని ఓదెమ్మ నవ్వింది.
సున్నంల సోడా కలిపి పెట్టుమన్నదొకామె.
జీడిగింజ సూదికి గుచ్చి
సుర్రుమనిపియ్యమన్నడొకాయన.
గుర్రం వెంట్రుక కట్టాలె అన్నది మా అత్త.
గుర్రమెక్కడిదే అంటే
బరాతుల గుర్రాన్ని అడుగుమన్నది.

నేను ఇవేవీ చెయ్యలే.
అంతకన్నా తెలివితక్కువ పని చేసిన:
పోగులు కోసే బ్లేడుతోని
నా కాలు నేనే చెక్కుకున్న.
నెత్తురొచ్చింది. రాయి పోలే.
నెల తిరిగెటాల్లకు
దాని సుట్టూ మూడు పిల్లలు.

అదే నెల మా రవళి మడిమె చూపిచ్చింది:
"అమ్మా, నాకూ."
బాత్రూం గోడ పక్కన గరుకురాయి ఒక్కటే మాకు,
తల్లీబిడ్డలం ఇద్దరం
దాంతోనే కాళ్లు రుద్దుకుంటం.

ఎంజీఎంల చర్మం ఓపీ. చీటీ నూట పదకొండు.
నుస్రత్ మేడం పైనుంచి ఒత్తలే,
రెండు దిక్కుల పట్టి గిచ్చినట్టు నొక్కింది.
నా పానం నోట్లకొచ్చింది.
"నిలువుగ ఒత్తితే మొత్తుకునేది ఆనె.
ఇట్ల గిచ్చితే మొత్తుకునేది పులిపిరి, చాలావరకు.
నేసెటోళ్లు కదా, మీరే చూడండి"
అని అద్దం నా చేతికిచ్చింది.

అప్పుడు చూసిన.
అరికాలి గీతలు పడుగు లెక్క
సక్కగ వచ్చి, సక్కగ వచ్చి
దాని కాడికి రాంగనే పాయలైపోతున్నయ్,
వాగు నడుమ బండను తప్పుకునే నీళ్లోలె.
ఆనె మీదైతే గీత ఆగదట, దాటి పోతదట.
నడుమ నల్లటి చుక్కలు.
మన్ననుకున్న. మన్ను కాదు,
వెంట్రుకంత రక్తనాళాలు
గడ్డకట్టిన కొసలు.
జంపఖానా తిరగేస్తే కనబడే ముడులు.

"వేరు ఎముక దాకా పోయిందా మేడం?"
"వేరూ లేదు, గీరూ లేదు.
పైతోల్లనే ఉంటది, మీ బరువుకు లోపలికి అణిగింది.
అదొక వైరస్.
తడి నేల దానికి సుట్టమిల్లు,
చిట్లిన తోలు దానికి తెరిసిన వాకిలి.
మీ బ్లేడే దాన్ని ఊరేగించింది."

చిన్న సీసా, సాలిసిలిక్ యాసిడ్.
రాత్రి గోరువెచ్చటి నీళ్లల్ల కాలు నానవెట్టి
తెల్లబడ్డ తోలు మెల్లగ గీకి
సుట్టూ వాసిలిన్ రాసి
చుక్క దాని మీదనే, పక్కకు జారొద్దు.
పన్నెండు వారాలు.
పోకుంటే మంచుకన్నా సల్లటి మందుతోని మాడుస్తరట.
"మా మామకూ ఉన్నది, ఇదే పెట్టొచ్చా?
షుగరున్నది ఆయనకు" అంటే
ఆమె కలం ఆగింది.
"ఆయన కాలికి ఈ సీసా చూపియ్యద్దు.
ఇక్కడికి తోలుకరా."

ఇప్పుడు మా ఇంట్ల మూడు రాళ్లు.
నా దానికి ఎర్రపోగు, రవళిదానికి పచ్చపోగు,
మామదాన్ని పారేయమన్నరు, ఆయన దాసుకున్నడు.
తువ్వాలలు వేరు. బ్లేడు పోగులకే.
నాలుగిండ్లకు ఒక్కటే తానాల గది,
నీలం రబ్బరు సెప్పులతోని పోతుంటే
"తానానికి సెప్పులా, దొరసానీ" అన్నది ఓదెమ్మ.
వారం పోయినంక
ఆమె గడప కాడ కొత్తజత కనబడ్డది.
నేనేం అడగలే.

పదకొండో వారం.
బిడ్డది పోయింది. పసితోలు, తొందరగ మరిసింది.
నాది ఇంకొక్క చుక్క.
గీతలు ఒకదాన్నొకటి వెతుక్కుంటున్నయ్.

నొప్పికి కుడికాలు మెల్లగ తొక్కిన దినాలల్ల
నేసిన జంపఖానా ఒకటి
అంచు నుంచి జానెడు లోపల వదులుగ దిగింది.
పంజాతోని ఎంత కొట్టినా కుదురలే.
సొసైటీల కొలిచి తీసుకున్నరు, ఎవలు చూడలే.
ఏ పెండ్లిల్లనో పరిచి ఉంటరు ఇయ్యాల.
ఎవలో సెప్పులిడిసి వచ్చి నిలవడితే
నా కాలు కుంటిన ఆ వరుస
వాల్ల అరికాలికి
మెత్తగ తగులుతుండొచ్చు.