నలభై మూడో బోను

వేరుశనగ ముద్దలో కొబ్బరి ముక్కలు వేయించిన వాసన
నా జుట్టుకి పట్టి ఐదు రోజులైంది.
వానపాములకి మాత్రం వాసన లేదు.
వాటిని తవ్వడం తాత పని.

కింద మెట్ల పొలాల్లో
మా తాత పుగోంగ్ ఎలుకల్ని పట్టేవాడు,
వెదురు ఉచ్చుతో, లెక్క పెట్టకుండా.
తోకలు కట్టగట్టి ఆఫీసులో ఇస్తే
ఒక్కో ఏడు బియ్యం కొలిచేవాళ్ళు.
ఇప్పుడు అవే చేతులు
లుజోన్ కొండల వెన్ను మీద, మబ్బుకి పైన,
నాచు మెత్తిన వేరు కింద రేకుబోను పెట్టి
మీద ఆకులు కప్పుతున్నాయి.
లోపల పడ్డదానికి చలి వెయ్యకూడదట.

దారి మొదట్లో బోర్డు.
"ఏమంటోందే అగినయా?"
"ఏదీ ముట్టుకోవద్దంటోంది తాతా."
"మా అమ్మా అదే అనేది,
బోర్డు లేకుండా."

డాక్టర్ మనలన్సన్ మనీలా నుంచి తెచ్చిన తువ్వాలు
ఇంకా ఆరలేదు.
ఇక్కడ ఏదీ ఆరదు.
మబ్బు చెట్ల మధ్యకి వచ్చి కూర్చుంటుంది,
మా గిన్నెల్లోకీ తొంగి చూస్తుంది.

గులాబీ రిబ్బను కట్టిన చోటల్లా ఒక బోను.
ఒకటి, ఖాళీ.
రెండు, ఖాళీ.
మూడు ఖాళీయే, ఎర నిండా చీమలు.
"ఖాళీ అని కూడా రాయి" అంటుంది డాక్టర్,
"రాయకపోతే మనం ఇక్కడికి రానట్టే."

పదిహేడులో దొరికింది.
పొడుగు ముక్కు, ఆవగింజ కళ్ళు,
నోట్లోంచి సగం వానపాము వేలాడుతూ.
గుడ్డసంచీలో వేసి తాసుకి తగిలిస్తే
ముప్పై ఎనిమిది గ్రాములు, సంచీ బరువు తీసేసి.
తోక. వెనక పాదం. చెవి.
నా బొటనవేలి కింద దాని గుండె
కుట్టుమిషన్ సూదిలా పోతోంది.

"దీన్నేమంటారు తాతా?"
"పొలంలోది ఎలుక. ఇది..."
చాలాసేపు ఆగాడు.
"ఇది మన గింజ ఎప్పుడూ ముట్టలేదు.
తిట్టాల్సిన పని పడలేదు,
పేరెవరు పెడతారు?"

కొండను తవ్వి ఎలుకను పట్టారంటారు
వెక్కిరించడానికి.
మేం తవ్వలేదు.
మోకాళ్ళ మీద పాకి ఎక్కాం,
పట్టాం, కొలిచాం, పట్టిన చోటే దించాం.
అది రెండడుగులు వేసి
మిగిలిన వానపాము కోసం వెనక్కి వచ్చింది.

ఏడో రాత్రి వాన.
టార్పాలిన్ బరువెక్కి ముక్కు దాకా దిగింది.
పక్కన తాత లేడు, టార్చీ లేదు.
ఎప్పటికో వచ్చి, మాటా పలుకూ లేకుండా
కాళ్ళకంటిన జలగల్ని తీసి
ఒక్కొక్కటీ పొయ్యి బూడిదలో వేశాడు.

తెల్లారి, నలభై మూడు.
తలుపు తెరిచి ఉంది, పడిపోకుండా పుల్ల అడ్డం పెట్టి.
లోపల ఆకుల మీద
ఇంకా అణిగే ఉంది చిన్న గుంట,
నాలుగు బూడిదరంగు వెంట్రుకలు.

డాక్టర్ తాత వంక చూసింది.
తాత మబ్బు వంక చూశాడు.

నేను వేరుకి చెవి ఆనించాను.
మొదట నీటిచుక్కలు. తర్వాత, ఎక్కడో అడుగున,
గోరంత గొంతులు. మూడో, నాలుగో.

"పాలిచ్చేది" అన్నాడు చివరికి.
"పొద్దుటిదాకా ఆగవు అవి."

తోకలకి బియ్యం తెచ్చిన మనిషి.
ఆ బియ్యంతోనే మా అమ్మ పెరిగింది.

పుస్తకంలో పద్నాలుగు గడులు.
దీనికి సరిపడే గడి లేదు.
"తప్పించుకుంది అని రాయి" అంది డాక్టర్,
తువ్వాలు పిండుకుంటూ, నా వైపు తిరక్కుండా.
తడి కాగితం మీద పెన్సిలు పడలేదు.
రెండోసారి నొక్కి రాశాను.

తాత అప్పటికే అవతల వంగి
నలభై నాలుగుకి వానపాముల్ని తవ్వుతున్నాడు.