కొనాల్నా అని అడిగినవ్

అభిలాష్, నిన్న కాంటా కాడ
బస్తాల నడుమ నిలబడి అడిగినవ్:
"అన్నా, గసొంటి కెమెరా నేను గూడ కొనాల్నా?"
నాకు గప్పుడే లెక్క తప్పింది.
ముప్పై రెండు బస్తాలు ముప్పై మూడని రాసిన.
సేటు తిట్టింది వేరే ముచ్చట.
జవాబు ఇయ్యాల చెప్త, విను.

పోచమ్మమైదాన్ల ఓదెలు స్టూడియో మూసేసిన నాడు
గోడ మీది ఊటీ పర్దాతో పాటు
గాజు బీరువల మిగిలింది ఇది.
పద్నాలుగు వేలన్నడు, పదకొండున్నరకు ఇచ్చిండు.
"కొత్తగ నేర్చేటోళ్లది. పెండ్లిళ్లకు పనికిరాదు,
నీ అసొంటోనికి శాన" అన్నడు.
నా అసొంటోడంటే ఎవడో
ఇంటికొచ్చేదాక ఆలోచించిన.

మొదటి నెలల బరువే యాదికున్నది.
హెల్మెట్ కన్న తక్కువ, టిఫిన్ డబ్బ కన్న ఎక్కువ.
మెడల ఏసుకొని స్కూటీ తోల్తె
హంటర్ రోడ్డు గుంతలన్నీ నా రొమ్ము మీదనే కొట్టినయ్.
కోటకు పోయిన. తోరణం తీసిన.
పక్కన నిలబడ్డ డిగ్రీ పిల్ల
ఫోను ఎత్తి, తీసి, పంపి,
ఐస్‌క్రీం గూడ తిని పోయింది.
నా దాంట్ల ఆకాశం తెల్లసున్నం, తోరణం బొగ్గు.
మా వనజ రెండు ఫొటోలు పక్కపక్కన వెట్టి చూసి
ఏమనలే.
ఆ ఏమనకపోవుడే
పదకొండు వేల ఐదు నూర్లంత బరువుండె.

బిడ్డ సైకిల్ మీద మేం చెయ్యి ఇడిచిన పొద్దున
ఇది సంచిల ఉన్నది, సంచి జిప్పు పట్టేసుకున్నది,
జిప్పు తీసేలోగ బిడ్డ మలుపు దాటింది.
వనజ ఫోన్ల తీసింది. జర ఊగింది, సగం గోడనే.
ఇంట్ల ఫ్రేము కట్టిచ్చింది గదే.

మల్ల మాఘం వచ్చింది.
ఎనుమాముల యార్డుల మిర్చి దిగింది,
తేజ ఓ దిక్కు, చపాట ఓ దిక్కు,
నిలబడితె తుమ్ములు, కూసుంటె తుమ్ములు.
పొద్దుగాల ఆరున్నర ఎండ
ఏటవాలుగ కుప్పల మీద పడితె తీసిన.
ఎర్రరంగు డబ్బ ఒలికినట్టు వచ్చింది,
కాయ లేదు, ముడత లేదు, తొడిమ లేదు.
ఫోన్ల గూడ గంతే.
దీని చక్రం మీద ఒక పచ్చగుర్తు ఉంటది,
అన్నీ అదే చూసుకుంటదని.
గా దినం దాన్ని దాటిన.
ఎలుతురు ఒక మెట్టు తగ్గించిన, ఇంకో సగం తగ్గించిన.
పదిహేడో ఫొటోల
ఒక కాయ ఇంకో కాయ మీద నీడ వేసింది.

నవ్వకు.
ఇరవై రెండేండ్ల సంది మిర్చి రాస్తున్న:
రంగు, తేమ, తాలు, రేటు.
చపాటకు భుజం కాడ చిన్న గుంట ఉంటదని
ఒక కన్ను మూసి, రెండోది గా రంధ్రానికి ఆనిచ్చినంకనే
కనవడ్డది.

తాలు ఏరే సాంబలక్ష్మి "నాదొకటి తియ్యి" అన్నది.
ముక్కుకు కొంగు గట్టుకున్నది, కండ్లే వచ్చినయ్.
కాగితం మీద తీయించి ఇస్తె
శానసేపు చూసి అడిగింది:
"నా కండ్లు గింత అలిసినయా?"
వాపస్ మాత్రం ఇయ్యలే, రైకల వెట్టుకున్నది.
మంచి ఫొటో తీసిన్నో, చెడ్డపని జేసిన్నో
ఇప్పటికీ తెల్వది నాకు.

గందుకే అభిలాష్,
స్టేటస్‌లకైతె వద్దు,
నీ ఫోను దీన్ని మింగి నీళ్లు తాగుతది.
ఇంకో లెన్సు కొనాలనిపిస్తది, కొనకు;
ముందు దీన్ని అగ్గువకు ఇచ్చేది గందుకే.
యార్డుల మాత్రం లెన్సు ఊడదియ్యకు.
నేను ఒక్కపారి తీసిన,
అప్పటి సంది నా ప్రతి ఆకాశంల
కుడిదిక్కు పైన ఒక మిర్చిదుమ్ము చుక్క.

ఆదివారం ఇంటికి రా, వారం తీస్కపో.
మొదటి దినం మూడు నూర్లు తీస్తవ్, నాకెర్కే.
ఏడో దినం ఒక్కటి గూడ తియ్యకపోతె
తెచ్చియ్యి, నీ పైసలు దాసుకో.
ఒక్కదాని కోసం గంటసేపు కూసుంటె
గప్పుడు మాట్లాడుకుందాం.
చార్జర్ సంచి పక్క జేబుల ఉన్నది,
వైరు జర ఒంచి పెడ్తెనే
లైటు వెలుగుతది.